కోడ్ రాసే ముందు కౌంటర్ దగ్గర కూర్చోండి

స్టార్టప్ ఎలా పెట్టాలో చెప్పేవాళ్లు ఐడియాతోనో డబ్బుతోనో మొదలుపెడతారు. నేను దూరంతో మొదలుపెడతాను. మీరు పనిచేసే చోటి నుంచి మీ కస్టమర్ దగ్గరికి నడిచి వెళ్లడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది? మాకు 9 నిమిషాలు. ఉద్యోగాలు మానేసి ముగ్గురం ఒక గదిలో కూర్చుని, ఫోన్లు రిపేరు చేసే చిన్న షాపుల కోసం, రిపేరుకొచ్చిన ఫోన్ల వివరాలు రాసుకునే 14 స్క్రీన్ల యాప్ ఒకటి 8 నెలల పాటు తయారుచేశాం, ఆ 8 నెలల్లో ఆ 9 నిమిషాల దారి నడిచింది మూడే మూడు సార్లు. యాప్ బయటికి వచ్చాక, "ఎందుకు వాడం, తప్పకుండా వాడతాం" అన్న 11 షాపుల్లో దాన్ని తెరిచినవి రెండు. ఆ రెండింట్లో ఒకాయన పాస్‌వర్డ్ మర్చిపోయి మళ్లీ అటు చూడలేదు.

కాబట్టి దీన్ని దెబ్బలు తిన్నవాడి చిట్టాగా చదువుకోండి. చేయాల్సినవి వరుసగానే రాశాను గానీ, ఒక్కోదాని మీద ఎంతసేపు రాశానో చూస్తే ఎక్కడ ఎక్కువ దెబ్బలు తగిలాయో మీకే తెలిసిపోతుంది.

ఉద్యోగం మానక ముందు, ఒక సెలవు రోజు

కాగితం, పెన్ను తీసుకుని బయల్దేరి, అరగంట నడకలో మీ కస్టమర్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. మ్యాప్‌ని నమ్మొద్దు, కాళ్లతో తిరగాలి. మ్యాప్ 40 షాపులు చూపించిన చోట మేం ఆలస్యంగా, చాలా ఆలస్యంగా, తిరిగి చూస్తే లెక్క 26కి వచ్చింది. కొన్ని మూతపడ్డాయి, కొన్ని కవర్లూ ఛార్జర్లూ అమ్ముకుంటున్నాయి తప్ప రిపేర్ల జోలికి పోవడం లేదు, మెట్ల కింద ఉన్న రెండు షాపులు మాత్రం మ్యాప్‌లోనే లేవు, వాటికే అన్నిటికన్నా ఎక్కువ గిరాకీ.

మీ కస్టమర్లు వీధిలో దొరికేవాళ్లు కాకపోతే, ఎక్కడో ఆఫీసుల్లో అకౌంట్లు చూసేవాళ్లో వేరే దేశంలో ప్రోగ్రామర్లో అయితే, నిమిషాల బదులు రోజుల్లో లెక్కేయండి: ఈ రోజు అడిగితే అలాంటి మనిషి ఒకరు ఎన్ని రోజుల్లో మీతో అరగంట మాట్లాడతారు? జవాబు నెల అని వస్తే ముందు ఆ దారి చిన్నది చేసుకోవాలి, ప్రోడక్ట్ సంగతి తర్వాత.

నగరంలో బతకడం వల్ల వచ్చే లాభం గురించి ఒక లెక్క ఉంది. లూయిస్ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్ తదితర పరిశోధకులు 2007లో వేర్వేరు దేశాల నగరాల వివరాలు దగ్గర పెట్టుకుని చూస్తే, జనాభా రెట్టింపైనప్పుడు జీతాలు, పేటెంట్లు లాంటివి తలసరిన సుమారు 15 శాతం పెరుగుతున్నాయని తేలింది. అంటువ్యాధులు, నేరాలు కూడా దాదాపు అదే దామాషాలో పెరుగుతాయట. మంచైనా చెడైనా మనుషులు ఒకరికొకరు తగులుతూ ఉండటం వల్ల వచ్చేదే. అంటే ఆ 15 శాతం అద్దె కట్టినంత మాత్రాన రాదు, జనంలోకి వెళ్లాలి. 8 నెలలు తలుపేసుకుని కూర్చున్న మాకు నగరం ఇచ్చింది అద్దె రసీదులు, రెండుసార్లు జలుబు.

కూర్చుని చూడండి

"మీకేం ఇబ్బందులున్నాయండీ?" అని అడిగితే మర్యాదకి ఏదో ఒకటి చెబుతారు. "ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?" అని అసలే అడగకండి, అవునని చెప్పి పంపించేయడం కన్నా తేలిక పని ఇంకోటి లేదు. అడిగితే జరిగిపోయినవాటి గురించి అడగాలి. పోయిన నెలలో ఫోన్లు ఏవైనా తారుమారయ్యాయా, అప్పుడేం చేశారు, ఎంత చేతిచమురు వదిలింది, మళ్లీ జరక్కుండా ఏమైనా మార్చారా. "ఏం చేస్తాం, ఏమీ చేయలేదు" అంటే అది వాళ్లకి పెద్ద నొప్పి కాదని అర్థం, మీకెంత పెద్దదిగా కనిపించినా సరే.

అడగడం కన్నా చూడటం మేలు. మా మొదటి షాపు రెండు చేతులూ చాపినంత వెడల్పు. ఒక పెద్దాయన, ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు. "మధ్యాహ్నం దాకా ఒక మూల కూర్చుంటానండీ, ఏమీ అడగను, అడ్డు రాను" అన్నాను. "కూర్చో బాబూ, ఆ స్టూలు కాలొకటి పొట్టిది, చూసుకుని కూర్చో" అన్నాడాయన.

ఆయన ఫోను తీసుకుంటాడు, బోర్లా తిప్పుతాడు, తెల్ల టేపు చుట్ట లోంచి అంగుళమున్నర ముక్క వేలితోనే చింపి వెనకాల అంటిస్తాడు, మార్కర్‌తో పేరు, నంబరు, "డిస్‌ప్లే" అని గిలికి సొరుగులో పెడతాడు. గుట్టుగా స్టాప్‌వాచ్ పెట్టి చూశాను, 11 సెకన్లు. అదే పనికి మా యాప్‌లో ఏడు ట్యాపులు, మోడల్ పేరు వెతుక్కోవడం, తేదీ ఎంచుకోవడం; దాన్ని తయారుచేసిన నేనే చేస్తే నిమిషం పైనే. పైగా టేపు ఫోనుని అంటిపెట్టుకునే ఉంటుంది, నెట్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, కొత్త కుర్రాడికి నేర్పక్కర్లేదు. అప్పటిదాకా పోటీదారులంటూ మేం గీసుకున్న పట్టికలో నాలుగు యాప్‌ల పేర్లున్నాయి, టేపు చుట్ట పేరు లేదు.

రెండోది గంటకి గానీ నా బుర్రకెక్కలేదు. షాపు ఫోను మోగుతూనే ఉంది. ఊరికే కూర్చున్నాను కదా అని కాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టాను. మూడు గంటల్లో 23 కాల్స్, వాటిలో 16 ఒకటే ప్రశ్న: "అయిందా?" అలా మోగిన ప్రతిసారీ ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి, కంటికున్న భూతద్దం పైకి నెట్టి, సొరుగు లాగి, ఫోన్లు ఒక్కొక్కటే బోర్లించి టేపు మీద పేరు చదివి, "రేపు రండి" అని పెట్టేస్తాడు. ఒకసారి అలా లేచినప్పుడు మోచెయ్యి తగిలి బియ్యపు గింజలో సగం కూడా లేని స్క్రూ ఒకటి కింద పడింది. పెద్దాయనా, కుర్రాడూ, నేనూ ముగ్గురం టార్చి వేసుకుని నేలంతా వెతికాం. దొరికేలోపు ఇంకో రెండు కాల్స్ వచ్చాయి.

వెళ్లేటప్పుడు ఆ కాల్స్ గురించి అడిగితే, "షాపన్నాక ఫోన్లు రావా బాబూ" అన్నాడు. అంతకుముందు మూడుసార్లు కలిసినప్పుడు ఆయన వాటి ఊసే ఎత్తకపోవడానికి కారణం అదే. అలవాటైపోయినదాన్ని ఎవరూ ఇబ్బందుల లెక్కలో చెప్పరు, మీరే పక్కన కూర్చుని గీతలు గీసి పట్టుకోవాలి.

ఎలా కూర్చోవాలో కూడా చెబుతాను. కనీసం మూడు చోట్ల, ఒక్కో చోట ఒక పూట, అదీ వేర్వేరు వేళల్లో. ల్యాప్‌టాప్ బయటికి తీయకండి, తీస్తే వాళ్లు మీ కోసం బుద్ధిగా పనిచేయడం మొదలుపెడతారు. పావుగంటకోసారి వాళ్ల చేతులు ఏం చేస్తున్నాయో ఒక ముక్క రాసుకోండి. పనికి ఏది అడ్డొచ్చినా ఒక గీత. గోడ మీద, కౌంటర్ అద్దం కింద ఏం అంటించుకున్నారో చూడండి, రోజూ మర్చిపోయేవే అక్కడికి చేరతాయి. సలహా ఇవ్వాలనిపిస్తే నాలుక కరుచుకోండి (నాకిది బాగా కష్టమైంది).

మొదట చేత్తో చేయండి

గదికి వచ్చి 14 స్క్రీన్లనీ పక్కన పెట్టాం. అలా రాశాను గానీ నిజానికి దాని మీద నాలుగు రోజులు గొడవపడ్డాం. తర్వాత నాలుగు షాపులకి వెళ్లి ఒకటే అడిగాం: మీ టేపు మీరే వేసుకోండి, వేశాక ఒక ఫొటో తీసి మాకు పంపండి, పని అయ్యాక ఇంకో ఫొటో పంపండి. కస్టమర్లకి మెసేజ్‌లు మా గదిలో మేమే టైపు చేసి పంపేవాళ్లం. మూడు వారాలు మేమే సర్వర్. భోజనానికి కూడా వంతులేసుకుని లేచేవాళ్లం.

ఇది మేం కనిపెట్టిన విద్యేమీ కాదు. ఇంటికి భోజనం తెచ్చిచ్చే డోర్‌డ్యాష్ కంపెనీ 2013లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మొదలైనప్పుడు అదొక సాదా వెబ్ పేజీ, ఒక ఫోన్ నంబరు, మెనూల పీడీఎఫ్‌లు మాత్రమే. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునే కుర్రాళ్లు ఆర్డర్లు తామే తీసుకుని తామే వెళ్లి ఇచ్చొచ్చారు. ఆన్‌లైన్‌లో చెప్పులు అమ్మే జాపోస్ మొదలైన 1999లో, దాన్ని పెట్టిన నిక్ స్విన్‌మర్న్ చెప్పుల షాపుల్లో ఫొటోలు తీసుకుని సైట్‌లో పెట్టి, ఎవరైనా కొంటే ఆ షాపుకే వెళ్లి కొనుక్కొచ్చి పంపేవాడు. వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది, ఇళ్లని రోజుల లెక్కన అద్దెకి ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీ సంగతి. 2009లో ఆ కంపెనీ పెట్టినవాళ్లు కాలిఫోర్నియాలో కూర్చుని బుకింగ్‌లు ఎందుకు రావడం లేదా అని తలలు పట్టుకుంటుంటే వాళ్ల ఇళ్ల యజమానులు ఎక్కువమంది ఉన్నది న్యూయార్క్‌లో. విమానమెక్కి వెళ్లి, కెమెరా పట్టుకుని ఇంటింటికీ తిరిగి మంచి ఫొటోలు తీసిపెట్టారు, బుకింగ్‌లు పెరిగాయి. వాళ్లు ఖండం దాటి వెళ్లారు, మేం 9 నిమిషాలకి బద్ధకించాం.

చేత్తో చేస్తే మనకి తట్టనివి తెలుస్తాయి. "మీ ఫోను రెడీ" అనే మెసేజే ముఖ్యమనుకున్నాం. కాల్స్ తగ్గించింది మాత్రం "పార్టు ఇంకా రాలేదు, ఎల్లుండి చెబుతాం" అనే మెసేజ్. చెడు వార్త అయినా సరే, ముందే చెబితే జనం ఫోన్ చేయడం లేదు. మూడో వారంలో మళ్లీ అదే స్టూలు మీద అవే మూడు గంటలు కూర్చుంటే "అయిందా?" గీతలు 16 నుంచి 5కి దిగాయి. అప్పుడు రాశాం కోడ్: ఒకే స్క్రీన్, ఒక కెమెరా, మూడు బటన్లు. రోజూ ఏ ముక్క ఒకేలా చేస్తున్నారో దాన్ని మాత్రమే కోడ్‌లో పెట్టండి, మిగతాది ఇంకొన్నాళ్లు చేతుల మీదే నడవనివ్వండి.

డబ్బు అడగండి, ముందే

ఉచితంగా ఇస్తే అందరూ బాగుందనే అంటారు. మూడో వారం చివర నాలుగు షాపులకీ సోమవారం నుంచి నెలకింత అని చెప్పాం. ఒకరు వద్దన్నారు, ఇద్దరు కట్టారు, ఒకాయన "వచ్చే నెల చూద్దాం" అన్నాడు. ఆ వచ్చే నెల ఇంకా రాలేదు. వద్దన్నాయన ఎందుకు వద్దో పది నిమిషాలు చెప్పాడు, అది మాకు కట్టినవాళ్ల పొగడ్తల కన్నా బాగా పనికొచ్చింది.

పెట్టుబడి పెట్టేవాళ్లదీ ఇదే భాష. ఒకాయనతో తొమ్మిది మీటింగులు అయ్యాయి, ఒక్కసారి కూడా కాదనలేదు, ప్రతిసారీ ఇంకో ఎక్సెల్ షీట్ అడిగాడు. ఇప్పుడు మొదటి మీటింగ్ చివర్లోనే అడిగేస్తాను: తర్వాత ఏం జరుగుతుంది, ఏ రోజు? తేదీ చెప్పకపోతే నా పుస్తకంలో "కాదు" అని రాసుకుని ముందుకెళ్తాను. ఒకవేళ నిజంగా ఇష్టముంటే వాళ్లే ఫోన్ చేస్తారు.

చేతిలో ఎన్నాళ్లకి సరిపడా ఉందో లెక్క తేలికే: ఉన్న సొమ్ముని నెలకి నికరంగా పోతున్నదానితో భాగిస్తే నెలలు వస్తాయి. 60 ఉండి నెలకి 5 పోతుంటే 12. తప్పు చేసేది ఆ 5 దగ్గర. చాలామంది తమ ఇంటి అద్దె, తిండి, అప్పుల వాయిదాలు కంపెనీ ఖర్చు కాదు కదా అని వదిలేస్తారు, పన్నెండనుకున్నది ఎనిమిదో నెలకే అయిపోతుంది. లెక్క ఆరుకి దిగినప్పుడే కదలండి, ఎందుకంటే డబ్బు తేవడానికైనా మళ్లీ ఉద్యోగం చూసుకోవడానికైనా నెలలే పడుతుంది.

స్నేహితులమే కదా అని

ముగ్గురం మూడు సమాన వాటాలు అని మాటల్లోనే పంచేసుకుని, కంపెనీ రిజిస్టర్ చేసేటప్పుడు అలాగే రాసేశాం. స్క్రీన్లు పక్కన పెట్టిన గొడవ తర్వాత మాలో ఒకడు వెళ్లిపోయాడు. మంచివాడే, ఇంట్లో పరిస్థితి బాగాలేదు, తప్పు పట్టలేను. కానీ మూడో వంతు వాటా వాడి పేరు మీదే ఉండిపోయింది. దాన్ని తేల్చుకోవడానికి 11 నెలలు పట్టింది, ఆ 11 నెలల్లో మేం మాట్లాడుకున్నది లాయర్ల ద్వారానే.

దీనికి మందు అందరికీ తెలిసిందే: వాటా ఒకేసారి చేతికి రాకుండా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా వచ్చేలా రాసుకోవడం, మొదటి ఏడాది నిండకముందే వెళ్లిపోతే ఏమీ రాకుండా. దాన్నే వెస్టింగ్, ఆ ఏడాది గడువుని క్లిఫ్ అంటారు. మీ దగ్గర చట్టం దాన్ని ఏ రకంగా ఒప్పుకుంటుందో తెలిసినవాళ్లని అడిగి మొదటి నెలలోనే సంతకాలు పెట్టండి. "మన మధ్య కాగితాలేంటిరా" అని ఎవరైనా నొచ్చుకుంటే, ఆ మాటని అప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. మేం నొచ్చుకుంటారేమోనని ఒకరినొకరు అడగలేదు.

ఇల్లు ఎక్కడ తీసుకోవాలి

చవగ్గా ఉందని నేను నగరం చివర ఇల్లు తీసుకున్నాను. ఒక వైపు ప్రయాణం గంటా నలభై నిమిషాలు. దారిలో చదువుకోవచ్చు అనుకున్నాను, నిద్రపోయాను. నెలకి 22 రోజులు లెక్కేసినా 73 గంటలు, అంటే దాదాపు 9 పనిదినాలు కిటికీకి తల ఆనించి గడిపాను. ఇటలీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త చెజారె మార్కెట్టి 1994లో రాసినదాని ప్రకారం, కాలమేదైనా మనుషులు రోజుకి సగటున గంట సేపే ప్రయాణానికి కేటాయిస్తారు, బండ్ల వేగం పెరిగేకొద్దీ ఆ గంటలోనే ఎక్కువ దూరం పోతారు కాబట్టి నగరాలు అంతంత విస్తరిస్తాయి. నేను ఆ సగటుకి మూడు రెట్లు దాటి పోయాను. చివరికి సామాన్లలో సగం అమ్మేసి, పనిచేసే గదికి దగ్గర్లో మంచం, బల్ల పట్టేంత గది తీసుకున్నాను. అద్దె పెరిగింది, నెలకి 9 రోజులు మిగిలాయి. మీరూ రెండు ఇళ్ల అద్దెలు పోల్చేటప్పుడు ప్రయాణం గంటలు పక్కనే రాసి చూడండి.

ఆఫీసు కూడా అంతే. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో థామస్ అలెన్ 1970లలో ఇంజినీర్ల మీద చేసిన పరిశోధనలో, బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు గబగబా తగ్గిపోతాయని, 50 మీటర్లు దాటితే దాదాపు మాట్లాడుకోరని తేలింది. మాకు కస్టమర్ల విషయంలో కూడా అదే కనిపించింది, మా వీధిలో ఉన్న షాపువాళ్లు దారిలో ఆపి మరీ తిట్టేవాళ్లు, రెండు వీధులు అవతలవాళ్లు చెప్పకుండా మానేసేవాళ్లు. అద్దాల బిల్డింగులో అడ్రస్ కోసం మధ్యలో ఒకసారి డిపాజిట్ కట్టాం, దాన్ని వెనక్కి రాబట్టడానికి పట్టిన టైములో ఇంకో వెర్షన్ రాసి ఉండేవాళ్లం. కస్టమర్లు మీ గుమ్మం ముందు నుంచి నడిచే చోటు చూసుకోండి, లిఫ్ట్ లేకపోయినా ఫర్వాలేదు.

సాయంత్రాలు

ఇంత జనంలో ఉండి కూడా మాట్లాడటానికి మనిషి దొరకని సాయంత్రాలు ఉంటాయి. ఇంట్లోవాళ్లకి చెబితే టెన్షన్ పడతారు, టీమ్‌కి చెబితే ఉద్యోగాలు వెతుక్కుంటారేమోనని మనకి టెన్షన్. మొదట్లో స్టార్టప్ ఈవెంట్లకి తెగ తిరిగాను, అందరూ "సూపర్‌గా ఉంది" అనే చెప్పుకుంటారు, నేనూ అదే చెప్పి వచ్చేవాణ్ని, ఇంటికొచ్చాక ఇంకా ఒంటరిగా అనిపించేది. ఇప్పుడు నెలకి ఒకటి చాలు.

దాని బదులు మనతో సమానమైన దశలో, వేరే వ్యాపారంలో ఉన్నవాళ్లని ఇద్దరిని వెతుక్కోండి. అలా దొరికిన ఇద్దరూ నేనూ ప్రతి గురువారం సాయంత్రం గంట నడుస్తాం. నడుస్తూ మూడు అంకెలు పైకి చెప్పాలి: ఈ వారం కొత్తగా ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు, ఎన్ని నెలలకి డబ్బుంది. అడిగితే తప్ప సలహా ఇవ్వకూడదు. అబద్ధం చెబితే నడకలో అడుగు తడబడుతుంది, పక్కవాళ్లకి తెలిసిపోతుంది.

టేపు జోలికి పోకండి

చివరిగా, బాగా పనిచేస్తున్న పాత పద్ధతిని పీకేయాలని చూడకండి, దాని పక్కన చోటు అడగండి. ఈ ముక్క తెలిశాక కూడా నేనొకసారి కక్కుర్తిపడ్డాను. పెద్దాయన రాత కెమెరాకి సరిగ్గా అర్థం కావడం లేదని ఒక చిన్న లేబుల్ ప్రింటర్ కొని తీసుకెళ్లి ఇచ్చాను, టేపు బదులు చక్కగా నంబరుతో స్టిక్కర్ వస్తుంది కదా అని. రెండు రోజులు వాడాడు. మూడో రోజు వెళ్తే కౌంటర్ మీద మళ్లీ టేపు చుట్టే ఉంది, ప్రింటర్ పై అరలో దాని పెట్టెలోకి వెళ్లిపోయింది. ఏమీ అనకుండా నా స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఊగలేదు. వంగి చూస్తే ప్రింటర్‌తో వచ్చిన మాన్యువల్‌ని నాలుగు మడతలు పెట్టి ఆ పొట్టి కాలి కింద దోపి ఉంచాడు.